కొండమీద ఒక రాత్రి

మా ఆవిడది హైదరాబాద్ పాతబస్తీ. చిన్నప్పుడు డాబా ఎక్కితే కొండమీద తెల్లగా ఫలక్‌నుమా ప్యాలెస్ కనిపించేదట. లోపలికి మాత్రం ఎప్పుడూ వెళ్లలేదు. అందుకే ఆమె యాభయ్యో పుట్టినరోజుకి ఒక్క రాత్రికి అక్కడ గది తీసుకున్నాను. అద్దె ఎంతో చెప్పలేదు, చెబితే వచ్చేది కాదు!

గేటు దగ్గర గుర్రపు బగ్గీ ఎక్కించారు. వికారుల్ ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టిన ఈ ప్యాలెస్ తర్వాత ఆరో నిజాం చేతికి వెళ్లింది, 2010లో హోటలైంది. 101 మంది కూర్చునే భోజనాల బల్ల చూసి ‘రోజూ తుడిచేవాళ్లెవరో పాపం’ అంది మా ఆవిడ.

రాత్రి కేకు కోశాక బయటికొచ్చి, కింద ఊళ్లో దీపాల మధ్య పుట్టిల్లు వెతుక్కుంది. మా పెళ్లి ఖర్చులకే మామగారు అమ్మేసిన ఇల్లది.

‘అదిగో, ఆ మసీదు పక్కన’ అని చూపించింది. నాకేమీ కనిపించలేదు. అవునన్నాను.