లాంచీ పోయింది, అల పోలేదు

పిల్లలూ, మీరెప్పుడైనా పుట్టి ఎక్కారా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో కృష్ణ ఒడ్డున పెరిగే పిల్లలకు పుట్టి సంగతి చెప్పనక్కరలేదు. తక్కినవారికి చెబుతాను: అది వెదురుతో అల్లిన పెద్ద గంపలాంటి గుండ్రని పడవ.

నా చిన్నతనంలో ఒకనాడు కొల్లాపురం దగ్గర సోమశిలలో ఒక తాత పుట్టి ఎక్కాను. మేము ఒడ్డు వదలబోతూండగా పెద్ద లాంచీ ఒకటి మా ముందుగా సాగిపోయింది. అది చాలా దూరం వెళ్ళినా తాత కదలలేదు. నాకు విసుగు పుట్టి, తెడ్డు అందుకోబోయాను. తాత నా చేయి పట్టుకుని ఆపాడు.

"లాంచీ పోయింది గదా, తాతా!" అన్నాను.

"లాంచీ పోయింది బిడ్డా, దాని అల ఇంకా పోలే" అన్నాడు తాత.

అంతలోనే అల వచ్చి పుట్టిని ఎత్తి కుదిపింది. ఒడ్డున వున్నాం గనుక సరిపోయింది. నది నడుమ వుంటే ఏమయ్యేదో!

పెద్దవాడినై విమానాల గురించి చదివినప్పుడు నాకా తాత జ్ఞాపకం వచ్చాడు. విమానం కూడా తన వెనుక ఒకదానిని వదిలిపోతుంది. అయితే అది అల కాదు, సుడి. పైగా అది సాధారణంగా కంటికి కనబడదు.

విమానం ఎగిరేటప్పుడు రెక్క క్రింద గాలి వత్తిడి ఎక్కువగానూ, పైన తక్కువగానూ వుంటుంది. క్రింది గాలి రెక్క కొసను చుట్టుకుని పైకి పోజూస్తుంది. అందుచేత రెండు కొసలనుంచీ రెండు సుడిగాలులు బయలుదేరి, విమానం వెనుక పొడుగాటి తాళ్ళలాగా మిగిలిపోతాయి. ఎండాకాలం చేలలో లేచే సుడిగాలి నిలువుగా వుంటుంది. ఇవి పడుకుని తిరుగుతాయి. విమానం ఎంత బరువైతే సుడి అంత బలం. నెమ్మదిగా పోయేకొద్దీ కూడా దాని బలం పెరుగుతుంది. ఈ సుడులు నిమిషానికి 300 నుంచి 500 అడుగుల చొప్పున క్రిందికి దిగుతాయి. రెండు మూడు నిమిషాల దాకా వుండవచ్చు.

వెనుక వచ్చే చిన్న జెట్ విమానం ఆ సుడిలో దూరితే, సుడి దాని ఒక రెక్కను పైకెత్తి, రెండవదానిని క్రిందికి తొక్కుతుంది. ఎంతో ఎత్తున వుంటే పైలట్ సరిదిద్దుకోవచ్చు. దిగబోయే ముందు నేల దగ్గరగా వుంటే అంత వ్యవధి ఎక్కడిది?

1993 డిసెంబరు 15న అమెరికాలోని సాంటా ఆనాలో అదే జరిగింది. వెస్ట్‌విండ్ అనే చిన్న జెట్ ఒకటి బోయింగ్ 757 వెనుక దిగబోతున్నది. రెండింటి నడుమ దూరం సుమారు 4 కిలోమీటర్లు. చిన్న విమానం పెద్దదాని దారికంటె క్రిందుగా వస్తున్నది. అది సుడిలో చిక్కి, దొర్లి, కూలిపోయింది. అందులోని అయిదుగురూ చనిపోయారు. ఆ తరువాత అమెరికాలో 757 వెనుక వచ్చే విమానాలకు దూరం పెంచారు.

నేడు అంతర్జాతీయ నియమం ప్రకారం, 136 టన్నులూ, అంతకు మించిన తరగతి విమానం వెనుక, 7 టన్నులు మించని చిన్న విమానం దిగాలంటే నడుమ సుమారు 11 కిలోమీటర్లు వుండాలి. ముందున్నది ఎయిర్‌బస్ ఏ380 అయితే సుమారు 15 కిలోమీటర్లు. పైలట్లు మరొక జాగ్రత్త కూడా పడతారు. పెద్ద విమానం దారికి పైగా వచ్చి, అది నేల తాకిన చోటును దాటి తాము దిగుతారు. సుడులు క్రిందికి జారుతాయి గదా!

ఈసారి శంషాబాదులో విమానాలు ఒకదాని వెనుక ఒకటి దిగుతూంటే వాటి నడుమనున్న ఖాళీని గమనించండి. అంత ఆలస్యం దేనికని విసుక్కోకండి. ఒకప్పుడు నేనూ అలాగే విసుక్కుని తెడ్డు అందుకోబోయాను. నా చేయి పట్టుకోవడానికి తాత వున్నాడు గనుక బ్రతికిపోయాను.