తప్పు చెల్లించిన పిమ్మట

అరకులోయ పల్లెలలో చైత్రమాసమున ఇటుకల పండుగ వచ్చును. మగవారు వేటకు పోవుదురు. ఆడువారు థింసా ఆడుదురు. జీలుగుకల్లునకు కొదువ యుండదు. క్రైస్తవ యువకుడొకడు పాతచెలికాండ్రతో గూడి త్రాగెనా, ఆదివారమునాటికి సంఘమెల్ల నెరుగును. కొన్ని సంఘములు వానిని ప్రభువు బల్లకు రానీయవు. శిక్ష వలదని మేమనము, దానికి గడువేది?

మన కులపంచాయితీలలో తప్పనగా నేరమును, జరిమానాయును గూడ. తప్పు చెల్లించి కులమువారికి అన్నము పెట్టినవాడు మరల ఆ పంక్తిలోనే కూర్చుండును. (ఆ సొమ్ము పెద్దలు కల్లునకే వెచ్చింతురనుట వేరు సంగతి.) క్షమను బోధించు సంఘమునకు ఆపాటి ముగింపైనను ఉండవలదా?

తప్పిదమున చిక్కినవానిని చక్కబెట్టుమని పౌలు గలతీయులకు వ్రాసినపుడు వాడిన గ్రీకుక్రియయే, మార్కు సువార్త మొదటి అధ్యాయమున జాలరులు వలలు బాగుచేసికొనుటకును వాడబడినది. చినిగిన వలను ఏ జాలరియు నలుగురిలో నిలిపి నిందింపడు. ఒడిలో వేసికొని, తెగిన కన్ను వెదకి అల్లును. ఆ పనిని పౌలు ఆత్మసంబంధులకే అప్పగించి, శోధన తమకును రావచ్చునని వారినే హెచ్చరించెను.

కావున పెద్దలే కొండయెక్కి ఆ యువకుని గుడిసెకు పోవలెను. పుష్యమాసపు కాఫీకోతలనాటికిని అతడు రాకున్న మరల పోవలెను. పగలు తోటలో నుండును గాన రాత్రియే పోవలెను.