వేరు కొసన చిన్న బిరడా

రూట్ కెనాల్ చేయించుకున్న పన్ను దగ్గర చిగురు మళ్ళీ ఉబ్బి చీము కారుతోందా? "పీకి పారెయ్యండి డాక్టరుగారూ, పీడా వదులుతుంది" అంటారు మీరు. నేను మాత్రం అంత తొందరగా పట్టకారు అందుకోను. వేరు నిలువునా చీలిందా, అప్పుడు పీకక తప్పదు. లేకపోతే రూట్ కెనాల్ మళ్ళీ చేసి చూస్తాను. అదీ కుదరనప్పుడు చిగురు తెరిచి, వేరు కొసన సుమారు 3 మిల్లీమీటర్లు కోసేసి, అక్కడ చిన్న గుంట తొలిచి సిమెంటుతో మూస్తాం.

కిటుకంతా ఆ మూత బిగువులోనే ఉంది. వేరులో మిగిలిన సూక్ష్మజీవులు ఎముకలోకి దిగకూడదు. పూర్వం అక్కడ పాదరసం కలిసిన వెండి ఫిల్లింగే పెట్టేవారు. కానీ నెత్తురు ఊరే ఆ చోటును పొడిగా ఉంచడం ఎవరి తరం? 1993లో అమెరికాలోని లోమా లిండా విశ్వవిద్యాలయానికి చెందిన టొరాబినెజాద్ బృందం ఎం.టి.ఎ. అనే సిమెంటు సంగతి వెల్లడించింది. మీ ఇంటి గోడలోని పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇది దగ్గరి చుట్టమే! (అలాగని బస్తా మోసుకురాకండి.) చెమ్మ తగిలితేనే ఇది గట్టిపడుతుంది. పీకిన పళ్ళ వేర్లలో నింపి, రంగునీళ్ళలో నానబెట్టి, కోసి చూశారు. వెండి ఫిల్లింగు అంచున దిగినంత రంగు దీని అంచున దిగలేదు.

అయితే గ్లాసులో నానిన పన్నూ, మీ నోట్లో పన్నూ ఒకటి కావు. అందుకే కుట్లు విప్పగానే మొహం చాటేయకండి. నొప్పి లేకపోయినా ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకోండి. వేరు కొసన కనిపించిన నల్లమచ్చ ఎముకతో పూడుతోందో లేదో అందులోనే తెలుస్తుంది.