చీటీలో 28, సిరంజిలో 22

మన మందుల షాపుల్లో సీసాల్లో దొరికే ఇన్సులిన్ మీద చాలావరకు 40 అని ఉంటుంది. మిల్లీలీటరుకి 40 యూనిట్లని అర్థం. పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్ మీద 100 ఉంటుంది. 40కి ఎర్రమూత సిరంజి, 100కి నారింజ మూతది. 40 సీసాలోంచి నారింజ సిరంజితో పది గీతల దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది నాలుగు యూనిట్లే. తారుమారై, 100 మందుని ఎర్ర సిరంజితో పది గీతలు లాగితే, ఇరవై ఐదు. అందుకే ఎవరైనా "డోసు" అనగానే నాకు ముందు ఈ గీతలు గుర్తొస్తాయి. చీటీ మీది అంకెకీ చర్మం కిందికి వెళ్ళే అంకెకీ మధ్య ఒక మనిషి చెయ్యి ఉంటుంది.

మా ఇంట్లో ఆ చెయ్యి అమ్మది. కర్నూల్లో ఉంటుంది, నాయన పోయాక ఒక్కతే. నేను బెంగళూరులో. ఏడేళ్ళుగా పొద్దునా రాత్రీ 30/70 మిశ్రమం వేసుకుంటోంది. చీటీలో పొద్దున 28, రాత్రి 18. ఆమె వేసుకునేది 22, 12. ఒక్కోసారి 10. డాక్టరు అడిగితే "మీరు రాసిందే వేసుకుంటున్నా సార్" అంటుంది. ఆయన మూణ్ణెల్ల షుగరు రిపోర్టు చూస్తాడు, 8.6 ఉంటుంది, డోసు చాలట్లేదనుకుని ఇంకో రెండు పెంచుతాడు. అట్లా కాగితం మీద 24 కాస్తా 26 అయింది, 28 అయింది. అమ్మ 22 దగ్గరే ఉంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, లాగ్స్ అబద్ధం చెప్తుంటే బగ్ ఎక్కడుందో వెతకడం లాంటిది.

ఎందుకు తగ్గిస్తున్నావని అడిగితే చాలా రోజులు దాటేసింది. ఈ 30/70లో ముప్పై వంతులు త్వరగా పనిచేసేది, డెబ్బై వంతులు నెమ్మదిగా పనిచేసేది. రాత్రి ఎనిమిదికి వేసుకుంటే ఆ నెమ్మది భాగం అర్ధరాత్రి దాటాక బలం చూపిస్తుంది. నాయన ఉన్నప్పుడు ఒకసారి అట్లా పడిపోయింది. దుప్పటి తడిసేంత చెమట, మాట ముద్దముద్దగా. ఆయనే లేచి చక్కెర నీళ్ళు తాగించాడు. ఒకరోజు ఫోన్లో నేను గట్టిగా అడిగితే చెప్పింది: "రెండొందలుంటే కండ్లు ఎప్పుడో పోతాయేమో. అరవైకి పడితే ఈ పొద్దు రాత్రే పోతా గదరా."

దీనికి మార్గదర్శకాల్లో సగం జవాబుంది. మూణ్ణెల్ల షుగరు మామూలుగా 7 లోపు ఉండాలనే చోట, షుగరు పడిపోయే ప్రమాదమున్న పెద్దవాళ్ళకి 8 దాకా సడలింపు ఉంటుంది. మిగతా సగం, అంటే ఇంట్లో రాత్రిపూట ఇంకో మనిషి ఉన్నారా లేదా అన్నది, ల్యాబ్ రిపోర్టులో రాదు.

డోసు రోగి చేతిలో ఉండటం కొత్త తిరుగుబాటేం కాదు. రిచర్డ్ బెర్న్‌స్టీన్ అని అమెరికాలో ఒక ఇంజినీరు. పన్నెండో ఏటి నుంచి షుగరు. 1969లో ఆసుపత్రుల కోసం చేసిన గ్లూకోజ్ మీటరు ఒకటి ఆయన కంటబడింది. డాక్టర్లకే అమ్ముతారు. అదృష్టం, భార్య డాక్టరు. ఆమె పేరు మీద కొన్నాడు. రోజుకి చాలాసార్లు చూసుకుంటూ తిండీ డోసూ సర్దుకున్నాడు, ఒంట్లో మార్పు కనిపించింది. వ్యాసం రాస్తే వైద్య పత్రికలు వేసుకోలేదు. నలభై దాటాక మెడికల్ కాలేజీలో చేరి డాక్టరే అయిపోయాడు. నేనూ ఇంజినీర్ని కాబట్టి ఈ కథ కాస్త ఎక్కువ నచ్చుతుందేమో, ఒప్పుకుంటా.

ఇంతకన్నా ముఖ్యమైన పని జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్‌లో జరిగింది. అక్కడ మైఖేల్ బెర్గర్ బృందం ఐదు రోజుల పాటు రోగుల్ని కూర్చోబెట్టి, ఏం తింటే ఎంత వేసుకోవాలో వాళ్ళకే నేర్పింది. ఆ పాఠాన్ని బ్రిటన్ వాళ్ళు డాఫ్నే పేరుతో తెచ్చుకున్నారు, ఫలితాలు 2002లో అచ్చయ్యాయి. నేర్చుకున్నవాళ్ళకి షుగరు మెరుగైంది, ప్రమాదంగా పడిపోవడాలు పెరగలేదు. కాకపోతే వాళ్ళు టైప్ 1 వాళ్ళు, భోజనం భోజనానికీ విడిగా వేసుకునేవాళ్ళు. మా అమ్మ మిశ్రమంలో ఆ వెసులుబాటు లేదు. అది వేసుకున్నాక వేళకి తినాల్సిందే. మందు మనిషిని గడియారానికి కట్టేస్తుంది.

నాకు కుళ్ళు పుట్టేది ఆ ఐదు రోజుల మీద. కర్నూలు పెద్దాసుపత్రి ఓపీకి జిల్లా వాళ్ళే కాదు, అటు గద్వాల నుంచి, ఇటు రాయచూరు, బళ్ళారి వైపు నుంచి కూడా వస్తారు. ఆ వరుసలో నిలబడినవాళ్ళకి "సంగటికి ఎంత, జొన్నరొట్టెకి ఎంత" అని ఎవరు కూర్చుని చెప్తారు? చెప్పేవాళ్ళు లేనిచోట జనం ఊరికే ఉండరు, సొంతంగా నేర్చుకుంటారు. కొందరు బాగా, కొందరు దారుణంగా. ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో ఉండే మా మామ రెండో రకం. పెండ్లికి పోతే "ఈ పొద్దు బూరెలుండాయి" అని నాలుగు ఎక్కువ లాగుతాడు. జ్వరమొచ్చి తినకపోతే "తినలేదు కదప్పా, ఎందుకేసుకోవాల" అని పూర్తిగా మానేస్తాడు. జ్వరంలో తినకపోయినా షుగరు పెరుగుతుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. మే నెలలో కరెంటు పోతే మందుని తడి ఇసుక కుండలో పెట్టాలని మాత్రం తెలుసు, ఎందుకంటే అది పెరుగు దాచిన తెలివే. ఎండకి చెడిన మందు ఎన్ని గీతలు లాగినా గీతలే.

ఈ విషయంలో కడపలో రోజా ఉండేవాళ్ళు నయమనిపిస్తుంది. రంజాన్ ఉపవాసాలకి వైద్యులు లెక్క రాసిపెట్టారు: రెండు పూటలా మిశ్రమం వాడేవాళ్ళు మామూలు పొద్దుటి డోసు ఇఫ్తార్‌కి వేసుకోవాలి, సహరీకి రాత్రి డోసులో పావు నుంచి సగం దాకా తగ్గించాలి. 70 కిందికి పడినా 300 దాటినా ఉపవాసం విడవాలి. అమ్మ ఏకాదశికి అలాంటి కాగితం ఎవరూ ఇవ్వలేదు. ఆమే తయారు చేసుకుంది.

దాని పేరు పాలవాడి లెక్కల పుస్తకం. వెనక పేజీల నుంచి రాసుకుంటూ వచ్చింది. "సం 1 - 22". "రొ 2 - 20". "ఏకా - 10". "ఉగ్గాణి, బజ్జి 3 - 24", పక్కన మర్నాటి అంకె, దాని కింద చిన్న తిట్టు. పుస్తకాల మీద రివ్యూలు రాసే అలవాటు కొద్దీ దీన్నీ చదివాను. సీమ కథల్లో కరువుంటుంది, ఫ్యాక్షను ఉంటుంది. ముసలివాళ్ళకి షుగరు ఉందన్న మాట ఒక్క విశేషణంగా వచ్చి పోతుంది, నేను చదివినంతలో. ఇక్కడ రాగి సంగటి మంచిదన్న ఊరి నమ్మకాన్నే ఒకావిడ మూడు నెలలు పరీక్షించి, "ముద్ద పెద్దదైతే అన్నమే" అని తేల్చింది.

పుస్తకం బీరువాలో ఉండటమే సమస్య. పోయినేడు శుక్లం ఆపరేషనుకి ఒక ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంది. పొద్దున నర్సు ఫైల్లో ఉన్నట్టే 28 వేసింది. ఆమె చేయాల్సింది అదే. టిఫిను ఆలస్యమైంది. పదిన్నరకి 54. అమ్మ చేతులు వణుకుతుంటే పక్క మంచం ఆమె చూసి కేకేసింది కాబట్టి సరిపోయింది. ఆమె ఒంట్లో ఎన్నడూ పడని 28 ఆ రోజు నిజంగా పడింది.

తర్వాత చెకప్‌కి నేనూ వెళ్ళాను. లోపలికి పోయాక అమ్మే సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు ముందు నావైపు చూశాడు, నేను చేయించాననుకుని. తర్వాత పేజీలు తిప్పాడు. బయట మనుషులు తలుపు తోస్తున్నారు.

"ఈ 'సం' ఏందమ్మా?"

"సంగటి సార్."

"రాత్రి పక్కన అన్నిచోట్లా 'ఒ' అని ఉంది?"

"ఒక్కదాన్నే ఉండే రోజు. మా చెల్లెలొచ్చి పండుకుంటే కొట్టేస్తా. అప్పుడు పదహారు ఏసుకుంటా."

ఆయన చీటీలో 28 కొట్టేసి 22 రాశాడు. 18 కొట్టేసి 12 రాశాడు. కాసేపాగి, పక్కన బ్రాకెట్లో 16.