అశోక్ చౌక్‌లో ఎగిరే పళ్ళెం

షోలాపూర్ స్టేషనులో దిగి, ఆటో అతనితో "అశోక్ చౌక్" అంటే చాలు, మనం తెలుగువాళ్ళమేమో అని అతడికి సగం అనుమానం వచ్చేస్తుంది. ఊరికి తూర్పు వైపున్న ఈ పేటలన్నిటినీ కలిపి అక్కడ 'పూర్వ విభాగ్' అంటారు. వీధిలో మరాఠీ, ఇంట్లో తెలంగాణ యాస తెలుగు, దుకాణంలో రెండూ కలిసిన భాష. గుమ్మాల దగ్గర బీడీలు చుట్టే ఆడవాళ్ళు, లోపలి నుంచి సాంచాల చప్పుడు, గల్లీ మొదట్లో రంగు వేసి ఆరబెట్టిన నూలు. ఇదీ ఆ ప్రాంతపు ముఖచిత్రం.

ఉద్యోగరీత్యా మూడేళ్ళు ఆ ఊళ్ళో ఉండే అవకాశం నాకు లభించింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి పద్మశాలీలు తరతరాలుగా ఇక్కడికి వలస వచ్చారు. 1876-78 నాటి పెద్ద కరువు, 1870లలోనే ఇక్కడ వెలసిన బట్టల మిల్లు ఆ వలసను మరింత పెంచాయి. జనం 'జునీ మిల్' అని పిలిచిన ఆ మిల్లు 1960లలో మూతపడింది గాని, మనవాళ్ళు మాత్రం ఊరు విడిచిపెట్టలేదు. ఇళ్ళలోనే సాంచాలు పెట్టుకున్నారు. షోలాపూర్ దుప్పటి పేరు దేశమంతా మోగింది. శ్రావణ పున్నమినాడు మార్కండేయ స్వామి రథం కదిలితే, ఇది మహారాష్ట్రమా తెలంగాణమా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది.

అశోక్ చౌక్‌కు మరో ముఖం కూడా ఉంది. వాల్‌చంద్ వారి కళాశాలలు అక్కడే ఉన్నాయి. ఇంజనీరింగు కళాశాల 1983లో మొదలైంది. ఒక పక్క మగ్గం, మరో పక్క యంత్రశాస్త్రం. రెండింటి మధ్య నడిచి వెళ్ళడానికి ఎంతో సేపు పట్టదు.

మా బ్యాంకుకు వచ్చే ఒక పెద్దాయన ఇంటికి అప్పు పని మీద వెళ్ళాను. ఆయనకు డెబ్బై దాటాయి, నాలుగు సాంచాలున్నాయి. మనవడు మెకానికల్ ఇంజనీరింగ్ చదువుతున్నాడు. పాత సాంచాలు తీసేసి, అప్పు చేసి, గాలితో నడిచే కొత్త మగ్గం ఒకటి పెట్టాలని మనవడి కోరిక. తాతకు సుతరామూ ఇష్టం లేదు. ఇద్దరూ చెరో వైపు నుంచి నాకు చెప్పుకొచ్చారు.

సాయంత్రం ఖాళీ స్థలంలో ఆ కుర్రాడూ స్నేహితులూ ప్లాస్టిక్ పళ్ళెం విసురుకుంటున్నారు. దాన్నే ఫ్రిస్బీ అంటారు. వేపచెట్టు కింద పెట్టిన నూలు కండెల అట్టపెట్టెలో దాన్ని పడెయ్యాలి. తక్కువ విసుర్లలో వేసినవాడు గెలిచినట్టు. అమెరికాలో ఇదే 'డిస్క్ గోల్ఫ్' అనే పెద్ద ఆటట. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో ఎడ్ హెడ్రిక్ అనే ఆయన దానికి మొదటి మైదానం ఏర్పాటు చేశాడు. నేను చూస్తుండగా ఒక పళ్ళెం తిన్నగా వెళ్ళి, చివరలో ఎడమకు వాలి పడింది. "గాలి తోసిందా?" అని అడిగాను. "గాలి లేదంకుల్, అది దాని లెక్క" అన్నాడు.

నేను బి.కాం. చదివినవాణ్ణి. అయినా అతడు చెప్పిన లెక్క నాకు చక్కగా బోధపడింది. పాఠకుల కోసం క్లుప్తంగా రాస్తున్నాను.

మనం పళ్ళేనికి రెండే ఇస్తాం: ఒకటి వేగం, రెండు గిరగిర తిరగడం. పళ్ళెం ముందు అంచు కాస్త పైకెత్తి ఉంటే అది గాలిని కిందికి నెడుతుంది, గాలి దాన్ని పైకి నెడుతుంది. ఉబ్బెత్తుగా ఉన్న పైభాగం మీద గాలి వేగంగా సాగుతుంది, అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. విమానం రెక్కకు జరిగేదీ ఇదే. కాని విమానానికి తోక ఉంది, పళ్ళేనికి లేదు. గాలి నెట్టే చోటు సరిగ్గా పళ్ళెం నడిమధ్యన ఉండదు. అందుకే తిప్పకుండా విసిరితే అది పల్టీ కొడుతుంది.

తిప్పితే మాత్రం బొంగరంలా నిలుస్తుంది. బొంగరానికొక వింత గుణం ఉంది. ఒకవైపు తోస్తే అది ఆ వైపు ఒరగక, పావు చుట్టు అవతల ఒరుగుతుంది. కుడిచేతి వాటం వాడు చేతిని ఛాతీకి అడ్డంగా తెచ్చి విసిరితే పళ్ళెం గడియారం ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. చివరలో వేగం తగ్గి కిందికి దిగుతూ ఉంటే, గాలి దాని ముందు అంచును పైకెత్తబోతుంది. తిరుగుడు వల్ల ఆ ఎత్తడం కాస్తా ఎడమకు ఒరగడంగా మారుతుంది. మొదట్లో బాగా వేగంగా, చదునుగా వెళ్ళేటప్పుడు దీనికి వ్యతిరేకం: ముందు అంచు కిందికి వంగబోతుంది, పళ్ళెం కుడికి ఒరుగుతుంది. అందుకే చక్కగా విసిరిన పళ్ళెం దారి పాములా మెలిక తిరుగుతుంది. ఎదురుగాలిలో దానికి తగిలే గాలి వేగం ఎక్కువ కనుక, మరింత గట్టిగా విసిరినట్టే లేచి కుడికి వాలుతుంది. వెనకగాలిలో లేపే బలం తగ్గి త్వరగా దిగిపోతుంది. దూరం పోవలసిన పళ్ళేనికి అంచు పలచగా, బరువు చుట్టంచులో ఉండేలా చేస్తారు. దగ్గర్లో పెట్టెలో వేయవలసినదానికి అంచు మొద్దుగా ఉంటుంది.

ఇదంతా విన్న తాత నవ్వి, "మా నాడె తిరగది సారూ, ఉరుకుతది. పన్నె ఆనుకొని పోతది, అందుకే సక్కగ పోతది" అన్నారు. ఎంత నిజం! పళ్ళేన్ని దాని తిరుగుడు కాపాడితే, నాడెను కింద పలక, వెనక పన్నె కాపాడతాయి. ఆ కాపుదల తప్పితే ఏమవుతుందో ఆయన కనుబొమ మీది మచ్చ చెబుతుంది. పాతికేళ్ళ వయసులో, ఒకరి కార్ఖానాలో కూలికి నేస్తున్నప్పుడు, పడుగు పోగులు చిక్కుపడి నాడె బయటికి ఎగిరిందట. వేలెడు పక్కకు తగిలి ఉంటే కన్ను పోయేది. సాంచకు అడ్డుకడ్డీ లేదు. వారం రోజుల కూలీ కూడా పోయింది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. 175 గ్రాముల పళ్ళెం సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళితే దానిలో ఉండే శక్తి 35 జౌళ్ళు. 400 గ్రాముల నాడె 12 మీటర్ల వేగంతో వెళితే సుమారు 29. రెండూ ఇంచుమించు ఒకటే! కాని కుర్రాడు సాయంత్రానికి ఏ వంద విసుర్లో విసురుతాడు. సాంచ నిమిషానికి 120 సార్లు విసిరితే ఎనిమిది గంటలకు 57,600. ప్రతిసారీ ఆ వేగాన్ని పెట్టెలో కొట్టి ఆపెయ్యాలి. ఆ చప్పుడే గల్లీ అంతా వినిపించేది. పది నంబరు నూలు పేక పోగు మీటరున్నర తూగితే గ్రాములో పదో వంతు కూడా ఉండదు. దాన్ని మోయడానికి 400 గ్రాముల నాడె! పది పైసల సరుకుకు నాలుగు వందల రూపాయల లారీ కట్టినట్టు. కొత్త మగ్గంలో లారీయే లేదు, గాలి ఊది పోగును ఒక్కదాన్నే పంపుతారు. మనవడి వాదన ఇదే.

తాత వాదన కూడా తీసిపారేసేది కాదు. "పోయిన పోగు మళ్ళా మర్లొస్తెనే అంచు కట్టుకుంటది" అన్నారు. నాడె తిరిగి వస్తుంది కనుక దుప్పటికి అంచు దానంతటదే కుదురుతుంది. గాలి మగ్గంలో పోగును ప్రతిసారీ కత్తిరించాలి, అంచు విడిగా కట్టాలి. పైగా గాలి ఒత్తే యంత్రానికి కరెంటు ఖర్చు, ధర లక్షల్లో. 1999లో కేంద్రం మొదలుపెట్టిన యంత్రాల ఆధునికీకరణ సాయం, మార్పులతో సాగి, 2022 మార్చితో ముగిసింది. వాయిదా తప్పితే పోయేది ఆ ఇల్లే.

నేను ఇద్దరికీ ఒకే మాట చెప్పాను: ఇల్లు తాకట్టు పెట్టి పెద్ద అప్పు వద్దు. రెండు సాంచాలు దుప్పట్లకు ఉంచండి, రెండు అమ్మండి, గాలి మగ్గం సంగతి అబ్బాయి చదువు పూర్తయ్యాక చూద్దాం. ఉంచిన రెండింటికీ నాడె ఎగరకుండా అడ్డుకడ్డీలు ముందు బిగించాలన్నాను. ఆ కడ్డీలను మనవడే కొలతలు తీసి చేయించాడు. ఆ పని మీద ఇద్దరికీ తగువు రాలేదు.

పండరీపురానికో, తుల్జాపూరుకో, అక్కల్‌కోటకో వెళ్ళే మన తెలుగువారు చాలామంది షోలాపూర్ మీదుగానే వెళతారు. ఈసారి ఒక పూట దిగి అశోక్ చౌక్ వైపు నడవండి. దుప్పటి కొనేటప్పుడు అంచు ఒకసారి వేలితో తడిమి చూడండి. ఆ పోగు మలుపు తిరిగిందో, తెగిందో తెలిసిపోతుంది. ధర మీద బేరం ఆ తర్వాత ఆడవచ్చు.