యెరూషలేము యాత్రాసన్నాహము

మా సంఘమునుండి పదునెనిమిదిమందిమి యెరూషలేము, బేత్లెహేములను దర్శింప నిశ్చయించి, రెండేండ్లు చీటి కట్టి సొమ్ము కూర్చుకొంటిమి. పాసుపోర్టుల గడువులు సరిచూచుకొంటిమి. చలికాలమున నచ్చట వానలు గురియును గాన గొడుగులును, ఉన్నిశాలువలును సిద్ధపఱచితిమి.

అన్నిటికంటె ముఖ్యమైన సన్నాహము నడక. యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 750 మీటర్ల యెత్తున నున్నది. పాతపట్టణమున రాతిమెట్ల వీథులే మెండు. సిలువమార్గమున 14 తావులకడ నిలిచి ప్రార్థింతురు.

మాలో డెబ్బదేండ్ల వృద్ధురాలు కలదు. పాడిగేదె నమ్మి చీటి కట్టినది. మోకాళ్లనొప్పి ముదురగా, "మీకు భారమగుదును, నన్ను విడిచిపొండమ్మా" అని కన్నీరు పెట్టుకొనెను. ఆమెను విడిచి చేసిన యాత్ర మాకు యాత్ర యగునా?

వైద్యుని సమ్మతి గైకొని, నాటినుండి ప్రతిదినమును వేకువను చెరువుగట్టుపై ఆమెతో నడచుచున్నాము. ఆమె నిలిచినచో నందఱమును నిలుతుము. మొదట పడుచువారు కొందఱు విసుగుకొనిరి; నేడు వారే ఆమె చేతిసంచి మోయుచున్నారు. గట్టు సగమైనను నడువలేని యామె యిప్పుడు రెండుమారులు విశ్రమించి తుదముట్ట నడచుచున్నది. విమానాశ్రయములందు చక్రములకుర్చీకిని ముందే వ్రాసితిమి.

బేత్లెహేములోని జననమందిర ద్వారము సుమారు 4 అడుగుల యెత్తే. ఎంతటివారైనను వంగియే లోని కేగవలెను. సోదరీమణులారా, తల వంచుట ఆ ద్వారమే నేర్పును. తోడివారికై అడుగు తగ్గించుటను మాత్రము ఇంటికడనే నేర్చి పోవలయును.