డాలెమ్‌లో ఒక పలక

బెర్లిన్ నైరుతి మూలన ఉన్న డాలెమ్‌లో మెట్రో దిగగానే ముందు కనిపించేవి చెట్లు, ఆ తర్వాత క్లాసులకు సైకిళ్ల మీద పరుగులు తీసే విద్యార్థులు. పెద్ద సందడి లేని పేట. అయినా ఇక్కడ పావుగంట నడిస్తే చాలు, గత శతాబ్దంలో సైన్సు సాధించిన ఘనకార్యాలూ, చేసిన ఘాతుకాలూ వరసగా ఎదురవుతాయి.

ఫారడే వీధిలోని సంస్థకు ఫ్రిట్జ్ హేబర్ పేరు పెట్టారు. గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చినందుకు 1918 నోబెల్ బహుమతి పొందిన రసాయన శాస్త్రవేత్త. మన పొలాల్లో చల్లే యూరియాకు మూలం అదే. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర క్లోరిన్ దాడిని దగ్గరుండి జరిపించిందీ ఆయనే. నాలుగు రోజులకు లాహోర్ డివిజన్‌లోని భారత సిపాయిలూ విషవాయువు పాలబడ్డారు. మే 2న, తానూ రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందిన ఆయన భార్య క్లారా, భర్త పిస్తోలుతోనే ఇంటి తోటలో కాల్చుకున్నారు. కారణమేమిటన్న దానిపై చరిత్రకారుల వాదన తెగలేదు. హేబర్ మాత్రం వెంటనే తూర్పు రంగానికి బయల్దేరారు.

అక్కడికి దగ్గర్లోనే, 1938 డిసెంబర్‌లో ఒట్టో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియం కేంద్రకాన్ని చీల్చిన భవనం ఉంది. అప్పటికి వారి మనసులో బాంబు లేదు. హాన్‌ను హేబర్ పక్కన నిలబెట్టడం అన్యాయమే. మొదటి యుద్ధంలో ఆయనా హేబర్ వాయుదళంలో పనిచేశారన్నది వేరే సంగతి.

అసలు ఆగి చూడాల్సింది ఇనె వీధిలోని 22వ నంబరు భవనం. ఇప్పుడది రాజకీయ శాస్త్ర విద్యార్థులది. 1927లో ఇక్కడ మొదలైన మానవశాస్త్ర సంస్థకు అధిపతి ఓయిగెన్ ఫిషర్. తెల్లవారి పుర్రెలో కుడి ఎడమల తేడా ఎక్కువని, వారి తెలివికి అదే గుర్తని ఆయన ఊహ. దాన్ని పరీక్షించే పని పుణె నుంచి వచ్చిన ఇరావతి కర్వేకు అప్పగించారు. ఆమె కొలిచారు, లెక్కలు చూశారు, జాతికీ ఆ తేడాకూ సంబంధం లేదని రాసి ఇచ్చారు. తర్వాతి కాలంలో 'యుగాంత' రాసిన కర్వే ఈమే. అయితే ఆమె కొలిచిన పుర్రెల్లో ఆఫ్రికా వలసల నుంచి తెచ్చినవీ ఉన్నాయి. అవి ఎలా వచ్చాయన్న ప్రశ్న ఆమెనూ వదలదు.

1942లో ఫిషర్ కుర్చీ ఎక్కిన ఫెర్షూర్‌కు ఆ ప్రశ్న అడ్డే రాలేదు. ఆష్విట్జ్ నుంచి శిష్యుడు మెంగెలె రక్తం, కళ్లు పంపితే సంస్థ పుచ్చుకుంది. యుద్ధం ముగిశాక, 1951లో ఫెర్షూర్ మ్యూన్‌స్టర్‌లో ప్రొఫెసరయ్యాడు.

గోడ మీది పలక 1988లో పెట్టినది. శాస్త్రజ్ఞులు తమ పని ఏమిటన్నదానికీ, దాని పర్యవసానాలకూ జవాబుదారులని దాని సారాంశం. 2014లో దగ్గర్లోనే తవ్వుతుంటే మనుషుల ఎముకలు బయటపడ్డాయి. తర్వాతి తవ్వకాల్లో దొరికిన ముక్కలు సుమారు 16,000. ఎవరివో, ఏ జాతివో తేల్చడానికి మరిన్ని పరీక్షలు వద్దనుకున్నారు. యూదుల, రోమాల, ఆఫ్రికా సంతతివారి ప్రతినిధులతో మాట్లాడి, 2023 మార్చి 23న అన్నింటినీ డాలెమ్ శ్మశానంలో కలిపి పూడ్చారు.